డిచ్‌పల్లి డాక్టరమ్మ

కుష్ఠురోగి శుద్ధుడైన వృత్తాంతం మీద ప్రసంగం వినని విశ్వాసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సంఘాల్లో ఒక్కరూ ఉండరు. ప్రభువు కొండ దిగి వస్తుండగా ఒక కుష్ఠురోగి ఎదురొచ్చి మొక్కడం, ఆయన చెయ్యి చాపి అతణ్ణి ముట్టుకోవడం (మత్తయి 8:1–4) మనకు చిన్నప్పుడు సండే స్కూల్లోనే వచ్చేసింది. మాటతోనే బాగుచేయగల ప్రభువు ముట్టుకున్నారెందుకన్నది బోధకులు ఎంతో చక్కగా వివరిస్తారు, మనం ఆమేన్ అంటాం. కానీ అదే సంఘంలో ఒకరికి మోచేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి వచ్చి, అక్కడ గిల్లినా తెలియడం లేదనుకోండి. ఆ సంగతి పాస్టరుగారికి కూడా చెప్పరు. చొక్కా చేతులు కిందికి దించుకుని వచ్చి కూర్చుంటారు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే మరీ దాస్తారు. ఆ జబ్బును పేరు పెట్టి పిలవడానికే భయపడి 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి చెప్పుకొనే ఊళ్లు మనవి.

అలా దాచుకున్న మనుషుల మధ్య పాతికేళ్లు బతికి, ఈ తెలంగాణ గడ్డ మీదే కన్నుమూసిన ఒక వైద్యురాలిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం. ఆమె పేరు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె పనిచేసింది మన పాలమూరు వైపు కాదు, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో. అప్పట్లో అంతా నిజాం రాజ్యమే. వనపర్తి, గద్వాల ఆయన కింది సంస్థానాలు. గద్వాల అయితే 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేది. మిషన్లు కూడా ఒకరి పొలంలో ఒకరు అడుగు పెట్టకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. మెదక్, నిజామాబాద్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, నల్లగొండ, హనుమకొండ వైపు అమెరికన్ బాప్టిస్టులు, నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు. గద్వాల, మహబూబ్‌నగర్ సంఘాలు 1937లో బాప్టిస్టుల నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్‌కు వచ్చాయి. మన ఎంబీ సంఘాల పెద్దలకు డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ పేరు తెలిసే ఉంటుంది. ఆ మిషన్ తరఫున వచ్చిన తొలి వైద్యురాలు ఆమె. 1945లో శంషాబాద్‌లో కన్నుమూశారు. ఆమె, ఇసబెల్ కెర్ ఇద్దరూ ఈ దేశానికి వచ్చింది ఒకే సంవత్సరం, 1907.

ఇసబెల్ 1875లో స్కాట్లండ్ ఈశాన్యాన ఎంజీ అనే పల్లెప్రాంతంలో ఒక రైతు ఇంట పుట్టారు. ఇంటి పేరు గన్. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకు తలుపులు తెరిచి అప్పటికి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. ఆ యేడే జార్జ్ కెర్ అనే దైవసేవకుణ్ణి పెళ్లాడారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ ఆ దంపతులను హైదరాబాద్ రాజ్యానికి పంపింది. అప్పట్లో ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ వారి కార్యక్షేత్రమైంది.

ఆమె కుష్ఠు వైద్యం కోసమని రాలేదు. ఊళ్లో అందరికీ వైద్యం చేసే మిషన్ డాక్టరు ఆమె. కానీ ఎక్కడికెళ్లినా ఆ రోగులే ఎదురయ్యేవారు. ఏ ఆసుపత్రీ చేర్చుకోని వాళ్లు, ఊరి బయట చెట్ల కింద ఉండేవాళ్లు. నిజామాబాద్‌లో 1911లో వాళ్లకోసం ఒక చిన్న ఆశ్రయం మొదలుపెట్టారు. అది చూస్తుండగానే నిండిపోయింది.

ఆనాటికి ఈ జబ్బు గురించి వైద్యానికి తెలిసిందెంత? నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లో ఈ రోగానికి కారణమైన సూక్ష్మక్రిమిని చూశాడు. శాపం కాదు, వంశపారంపర్యం కాదు, క్రిమి అని తేలింది. అయితే ఆ క్రిమి పరిశోధకులను ఏడిపించింది. ప్రయోగశాలలో గాజు పాత్రల్లో పెంచుదామంటే పెరగదు. నూట యాభై ఏళ్లు దాటినా నేటికీ ఎవరూ అలా పెంచలేకపోయారు. శరీరంలో కూడా అది చాలా నెమ్మదిగా, చల్లగా ఉండే చోట్ల, అంటే చర్మంలో, ముక్కులో, చర్మం అడుగునే పోయే నరాల్లో పెరుగుతుంది. నరం చచ్చిపోతే నొప్పి తెలియదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా, పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియదు. వేళ్లు రోగంతో రాలిపోతాయని జనం అనుకుంటారు గానీ, నొప్పి తెలియక పడిన పుండ్లు లోపల ఎముకదాకా చీముపట్టి వేళ్లను తినేస్తాయి. ఈ సంగతి వైద్యులకు కూడా స్పష్టంగా అర్థమవడానికి ఇంకా ముప్పై నలభై ఏళ్లు పట్టింది.

ఇక్కడ లేవీయకాండం గురించి ఒక మాట. 13, 14 అధ్యాయాల్లో మన తెలుగు బైబిల్లో కుష్ఠు అని ఉన్నచోట మూలంలోని హెబ్రీ మాట ఈ ఒక్క జబ్బుకే చెందదంటారు పండితులు. అందుకే అక్కడ బట్టలకూ, ఇంటి గోడలకూ కూడా కుష్ఠు వస్తుంది. అయినా ఆ అధ్యాయాల్లో మనకు ముఖ్యమైనది ఒకటుంది. యాజకుడు మచ్చను చూడగానే తీర్పు చెప్పడు. ఏడు రోజులు ఆగి మళ్లీ చూడాలి, సందేహముంటే ఇంకో ఏడు రోజులు ఆగాలి. తొందరపడి ఒక మనిషిని పాళెం వెలుపలికి పంపకూడదు, తొందరపడి శుద్ధుడనీ అనకూడదు. డిచ్‌పల్లి కథ అంతా ఈ ఆగి చూడటం మీదే నడిచింది.

నిజామాబాద్ ఆశ్రయం సరిపోక డిచ్‌పల్లిలో స్థలం చూశారు. దానికి పెద్ద ఎత్తున డబ్బు ఇచ్చింది రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. మిషన్ ఆసుపత్రికి, అదీ కుష్ఠు ఆసుపత్రికి, ఒక హిందూ దాత ముందుకొచ్చారన్న సంగతి మన సంఘ చరిత్రల్లో ఒక వాక్యంతో ముగించేస్తారు. అది న్యాయం కాదనిపిస్తుంది. ఆ డబ్బు లేకపోతే 1915లో డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రి తెరుచుకునేది కాదు. జార్జ్‌గారు నిర్వహణ చూసుకున్నారు, ఇసబెల్‌గారు రోగులను చూసుకున్నారు. బారికలతో, పొలాలతో, ప్రార్థనాలయంతో క్రమంగా అది ఒక ఊరంత అయింది.

అంతవరకూ అది ఆశ్రయమే. కట్టు కట్టడం, అన్నం పెట్టడం, వాక్యం చెప్పడం, చివరికి సమాధి చేయడం. వైద్యురాలిగా ఆమె దగ్గర ఇవ్వడానికి మందు లేదు.

మందు ఒక చెట్టు నుంచి వస్తుందన్న ఆశ అప్పుడే లోకమంతా వ్యాపిస్తోంది. పడమటి కనుమల్లో పెరిగే ఒక చెట్టు గింజల్ని మనవాళ్లు నిరడి విత్తులు అనీ, అడవి బాదం అనీ అంటారు. సంస్కృత వైద్యంలో తువరకం అన్నది ఇదే. దాని చుట్టం లాంటి చెట్టు బర్మా, అస్సాం వైపు ఉంటుంది, దాని నూనెను చాల్‌మూగ్రా అంటారు. తరతరాలుగా కుష్ఠుకు ఈ నూనెలు తాగించేవారు. తాగితే కడుపులో తిప్పి వాంతి అయ్యేది, చాలామంది మధ్యలో మానేసేవారు. సూదితో ఎక్కిద్దామంటే జిగట నూనె ఒంట్లో ఇంకక గడ్డ కట్టేది. ఈ చిక్కును హోనోలూలూలో 1915లో ఒక నల్లజాతి యువతి విప్పింది. ఆమె పేరు ఆలిస్ బాల్, రసాయన శాస్త్రవేత్త. నూనెలోని ఆమ్లాలను పల్చటి ఈథైల్ ఎస్టర్లుగా మార్చే పద్ధతి కనిపెట్టి, 1916 చివరి రోజున 24 ఏళ్లకే చనిపోయింది. కలకత్తాలో సర్ లెనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ దారిలోనే నడిచారు. మ్యూర్ కూడా స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టరే. బెంగాల్ పల్లె ఆసుపత్రిలో పనిచేసి 1920లో కలకత్తా ఉష్ణదేశ వ్యాధుల వైద్య పాఠశాలలో చేరారు. ఈథైల్ ఎస్టర్లకు క్రియోసోట్, కర్పూరం, ఆలివ్ నూనె కలిపి ఆయన తయారుచేసిన సూదిమందు దేశమంతటి కుష్ఠు ఆశ్రమాలకు చేరింది.

1920 తర్వాతి ఆ సంవత్సరాల్లో డిచ్‌పల్లి కూడా ఈ వైద్యాన్ని అందుకుంది. ఇది ఒక్క సూదితో పోయేది కాదు. వారానికి ఒకటి రెండుసార్లు, నెలల తరబడి, ఏళ్ల తరబడి వేయించుకోవాలి. మచ్చ ఉన్న చోటనే చర్మంలోకి చుక్కచుక్కగా ఎక్కించాలి. నొప్పి, వాపు, ఒక్కోసారి చీముగడ్డ. నయమాను యొర్దానులో ఏడుసార్లు మునగమంటేనే కోపగించుకున్నాడు (2 రాజులు 5). ఈ జనం వందల సార్లు చెయ్యి చాపారు. అంత ఓపిక వాళ్లకు ఎక్కడినుంచి వచ్చింది? ఇంటికి తిరిగి వెళ్లవచ్చన్న మాట వాళ్లకు మొదటిసారి వినిపించింది మరి.

వైద్యం జరుగుతుండగానే కొందరికి ఒక ఉపద్రవం వచ్చేది. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లంతా ఎర్రటి బొడిపెలు, నరాలు ఉబ్బి భరించలేని పోటు, కళ్లు ఎర్రబడటం. రాత్రికి రాత్రే చెయ్యి వాలిపోవచ్చు, చూపు పోవచ్చు. దీన్ని లెప్రా రియాక్షన్ అంటారు. క్రిమి బలం వల్ల వచ్చేది కాదిది, శరీరం దాని మీద తిరగబడటం వల్ల వస్తుంది. ఆ వివరం అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. మందే విషమైందా, రోగమే ముదిరిందా, లేక మందు పనిచేస్తున్న గుర్తా అని వైద్యులు తలలు పట్టుకునేవారు. సూదులు ఆపి, రోగిని పడుకోబెట్టి, జ్వరం దిగేదాకా కనిపెట్టుకుని కూర్చోవడం తప్ప దారి లేదు. ఆ కాలంలో కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా ఉండటమంటే సగం పని ఇదే.

కొందరు బాగుపడ్డారు. మచ్చలు పోయి, పరీక్షల్లో క్రిములు కనిపించక, ఇళ్లకు వెళ్లారు. మునుపు దొరకకుండా దాక్కున్నవాళ్లు ఇప్పుడు తమంతట తామే నడిచి వచ్చారు. జబ్బు మొదటి దశలోనే రావడం మొదలైంది. డిచ్‌పల్లి పేరు దేశమంతా వినిపించింది. ఆ సేవకు 1923లో కెర్ దంపతులకు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఇక్కడే మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మిషనరీ జీవిత కథలు చెప్పేటప్పుడు ఈ ఘట్టం దగ్గర స్తోత్రం చెప్పి ముగించడం మనకు అలవాటు. నిజానికి ఆ నూనె అంత గొప్ప మందు కాదు. ఈ జబ్బులో తేలిక రకం కొందరిలో ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. డిచ్‌పల్లి లాంటి చోట్ల రోగులకు కడుపు నిండా అన్నం దొరికింది, మలేరియాకూ కొంకి పురుగులకూ వైద్యం దొరికింది, శరీరానికి వ్యాయామం, మనసుకు తోడు దొరికాయి. వీటిలో ఏది ఎంత పనిచేసింది, నూనె ఎంత పనిచేసింది అని వేరుచేసి చూసే పరీక్షా పద్ధతులు అప్పటికి రాలేదు. బొడిపెలతో ముదిరిన రోగుల్లో నూనె పెద్దగా చేసిందేమీ లేదు. తగ్గి వెళ్లినవాళ్లలో కొందరికి మళ్లీ వచ్చేది. ఆనాటి మంచి కుష్ఠు వైద్యులు నయమైంది అనడానికి సందేహించి, రోగం ఆగింది అని మాత్రమే రాసేవారు.

ఇసబెల్ కెర్ 1932లో డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా మరణించారు. 56 ఏళ్లు. జార్జ్‌గారు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడి పని కొనసాగించారు. ఆమె పోయేనాటికి నూనె వైద్యమే లోకంలో ఉన్న అత్యుత్తమ వైద్యం. అది ఓడిపోవడం ఆమె చూడలేదు.

ఓడించిన వారిలో డిచ్‌పల్లి మనిషే ఒకరున్నారు. ఆయన డాక్టర్ జాన్ లో. ఆయనా మిషన్ డాక్టరే. కెర్ దంపతులు కట్టిన ఆ ఆసుపత్రిలోనే రోగులను చూసి, తర్వాత కలకత్తాలో పరిశోధన చేసి, చివరికి ఆఫ్రికాలో నైజీరియా దేశపు ఉజుఆకోలి కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. ఈలోగా అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో 1941లో డాక్టర్ ఫాజెట్ సల్ఫోన్ జాతి మందు ఒకటి నరానికి ఎక్కించి మంచి ఫలితం చూశారు. ఆ మందు ఖరీదైనది, సూదులు తప్పవు. దాని మూలపదార్థం డాప్సోన్. జర్మనీలో 1908లోనే తయారైంది, కానీ మనుషులకు ఇవ్వలేనంత విషమని దాన్ని పక్కన పెట్టేశారు. మన చెంగల్పట్టులో డాక్టర్ కాక్రేన్ దాన్నే సూదిమందుగా వాడి చూశారు. లో 1947 తర్వాత ఉజుఆకోలిలో చిన్న మోతాదుల్లో మాత్రగా ఇచ్చి చూశారు. పనిచేసింది. అతి చౌక, సూది లేదు, పల్లెలో పంచవచ్చు. దాంతో నిరడి నూనె చరిత్రలోకి వెళ్లిపోయింది.

మాకు నచ్చిన సంగతి దాని తర్వాతది. తన మందు గెలిచిందని లో ఊరుకోలేదు. 1949లో ఆయనా, సహచరుడు స్మిత్ కలిసి ఆ మందు కొద్దిమందికి చేసే కీడును కూడా రాసి ప్రకటించారు. మాత్రలు మొదలుపెట్టిన నాలుగైదు వారాలకు జ్వరం, ఒళ్లంతా దద్దు, బిళ్లలు కట్టడం, కామెర్లు. అరుదుగానే వస్తుంది, కానీ మందు ఆపకపోతే ప్రాణం తీయగలదు. డాప్సోన్ సిండ్రోమ్ అని తర్వాత దానికి పేరు పెట్టారు. ఎందుకు కొందరికే వస్తుందో అరవై ఏళ్లకు పైగా అంతుపట్టలేదు. 2013లో చైనా పరిశోధకులు జవాబు చెప్పారు. హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే జన్యు లక్షణం ఉన్నవారికే ఆ ముప్పు ఎక్కువ. ఇప్పుడు రక్తపరీక్షతో ముందే కనుక్కోవచ్చు. మేలు చేసే మందు గురించి దాని కీడును కూడా అదే చేత్తో రాయడం మన సాక్ష్యాల కూటాల్లో ఎంత అరుదో ఆలోచించండి.

మిగతా కథ త్వరగా చెప్పుకుందాం. డాప్సోన్ ఒక్కటే వాడగా క్రిమి దానికి లొంగకుండా తయారైంది. అందుకని 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు. మందు మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి మరొకరికి అంటించే స్థితి పోతుంది. క్లోఫాజిమిన్ వాడినంతకాలం ఒంటి రంగు నల్లబడుతుంది, మానాక నెమ్మదిగా మామూలవుతుంది. ఇది ముందే చెప్పకపోతే ఆడపిల్లలు మాత్రలు పారేస్తారు.

ఇసబెల్ కెర్‌ను రాత్రిళ్లు కూర్చోబెట్టిన ఆ లెప్రా రియాక్షన్ నేటికీ పోలేదు. మాత్రలు వాడుతుండగానూ రావచ్చు, కోర్సు పూర్తయిన తర్వాతా రావచ్చు. దానికిప్పుడు ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. ఒక రకం రియాక్షన్‌కు మందు దొరికిన చోటు వింటే ఆశ్చర్యం వేస్తుంది. యెరూషలేము నగరంలో 1964లో డాక్టర్ షెస్కిన్ నిద్రపట్టక అల్లాడుతున్న ఒక కుష్ఠురోగికి నిద్రమాత్రగా థాలిడోమైడ్ ఇచ్చారు. గర్భిణులు వాడితే అవయవాల్లేని బిడ్డలు పుడుతున్నారని 1961లో లోకమంతా వెలివేసిన మందు అది. తెల్లవారేసరికి ఆ రోగి బొడిపెలూ నొప్పీ తగ్గుముఖం పట్టాయి. నేటికీ దాన్ని గట్టి జాగ్రత్తల మధ్య వాడుతున్నారు.

స్పర్శ పోయిన పాదాల సంగతి వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ పట్టించుకున్నారు. వంకరపోయిన వేళ్లకు నరాలు కాదు, కండరపు పట్టీలను మళ్లించి కుట్టే శస్త్రచికిత్సలు ఆయన చేశారు. కానీ బాగుచేసిన పాదానికి తగిన చెప్పు లేకపోతే మళ్లీ పుండే. ఏ పదార్థం మెత్తగా ఉండి, అరికాలి మీది ఒత్తిడిని సమంగా పంచి, తొందరగా నలిగిపోకుండా ఉంటుందో ఎన్నో వేసి చూసి, చివరికి సన్నటి గాలి బుడగలున్న రబ్బరును ఎంచుకున్నారు. కుష్ఠు ఆసుపత్రుల్లో ఎంసీఆర్ చెప్పులంటారే, అవే. కొన్ని గాయాలకు గొప్ప ఆపరేషన్ కంటే ఆ చెప్పుల జతే ఎక్కువ మేలు చేసింది.

మన దేశంలో 2005 చివరికి కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రకటించారు. పదివేల మందికి ఒకరికంటే తక్కువ అన్న లెక్కన అది నిజమే. అయితే 2023లో కూడా దేశంలో లక్షకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. లోకంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. చట్టం కూడా ఆలస్యంగా మేల్కొంది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉండేది. దాన్ని తీసేసింది 2019లో. మందు దొరికి ముప్పై ఏళ్లు దాటాక కూడా, జబ్బు వచ్చిందని భార్యను వదిలేయడానికి మన వివాహ చట్టం ఒప్పుకునేదన్నమాట.

ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి మచ్చలున్నాయా అని అడిగినప్పుడు తలుపు దగ్గరే పంపించేసేవాళ్లలో విశ్వాసులూ ఉన్నారు. ప్రార్థన చేయించుకున్నాం, ఇక అవసరం లేదంటారు కొందరు. ప్రభువు బాగుచేసిన రోగిని సహితం యాజకుడి దగ్గరికి వెళ్లి చూపించుకోమన్నారన్న వచనం ఆ అధ్యాయంలోనే ఉంది. పరీక్ష చాలా చిన్నది. కళ్లు మూసుకోమని, బాల్ పెన్ను మొనతో మచ్చ మీద మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమంటారు. తెలియలేదంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రల అట్ట ఇస్తారు, డబ్బు తీసుకోరు. మొదటి మోతాదు అక్కడే, వాళ్ల ఎదురుగానే మింగాలి.